చిట్టి తాబేలూ, చంటిబిడ్డా

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది:

"మా పెద్దవాడి పుట్టినరోజుకి వాళ్ల మేనమామ రెండు తాబేలు పిల్లలు కొని తెచ్చాడు. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దవిగా, పచ్చగా, ఎంతో ముద్దుగా ఉన్నాయి. ప్లాస్టిక్కు తొట్టిలో నీళ్లు పోసి అందులో వేశాం. రోజూ అన్నం మెతుకులు వేస్తున్నాం. పదిహేను రోజులయ్యేసరికి ఒకదానికి కళ్లు వాచి మూసుకుపోయాయి. తిండి ముట్టడం లేదు. ఈలోగా మా మూడేళ్ల పాపకి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. తాబేళ్లు ఇంట్లోకి రావడం వల్లనే అని మా అత్తగారు. అదంతా చాదస్తం అని మావారు. ఎవరి మాట నిజం డాక్టరుగారూ? తాబేలు కళ్లలో పిల్లల చుక్కల మందు వేయవచ్చునా?"

అమ్మా, నేను మనుషుల డాక్టర్ని. తాబేలు జబ్బు పశువైద్యులు చూడవలసిందే. కాని మీరు రాసిన రెండు బాధలకూ మూలం ఒకే తొట్టిలో ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఈ ఉత్తరాన్ని వారికి అప్పగించి ఊరుకోలేను. పాప విరేచనాలు తాబేలు వల్లనే వచ్చాయని ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు. కలుషితమైన నీళ్లు, ఈగలు ముసిరిన తినుబండారాలు, ఇలా కారణాలు ఎన్నో ఉంటాయి. అయితే మీ అత్తగారి అనుమానం మాత్రం చాదస్తం కాదు. ఆవిడ చెప్పే కారణం వేరు కావచ్చు గాని, అనుమానించడం సబబే.

తాబేలు చొచ్చిన ఇల్లూ, అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని మన పాత సామెత. కోర్టు అమీనా వచ్చి సామాను జప్తు చేసినట్టే తాబేలు రావడం కూడా అరిష్టమని ఆనాటివారి నమ్మకం. ఈనాడు కొందరు వాస్తు చెప్పేవారు, తాబేలును ఉత్తర దిక్కున పెడితే సిరి కలుగుతుందని కొనిపిస్తున్నారు. తాబేలు సిరిని తేనూ తేదు, తీసుకుపోనూ పోదు. అది తనతో తెచ్చేది ఒక సూక్ష్మక్రిమిని. కనుక ఏ దిక్కున పెట్టినా పెట్టండి గాని, వంటింటి దిక్కున మాత్రం పెట్టకండి.

ఈ వారం చెప్పదలచుకున్నదంతా రెండు మాటల్లో ఉంది. తాబేలు ఆరోగ్యం దాని తొట్టిలో నీళ్లు ఎలా ఉన్నాయన్న దానిమీద ఆధారపడుతుంది. మీ పిల్లల ఆరోగ్యం ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్న దానిమీద ఆధారపడుతుంది.

ఇది ఏ ఊరి తాబేలు?

రంగు చేపల దుకాణాల్లో అమ్మే ఈ పచ్చటి పిల్లలకు కంటి వెనక ఎర్రని చార ఉంటుంది. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీలోయ. గుడ్డులోంచి వచ్చినప్పుడు 3 సెంటీమీటర్లు ఉంటుంది. "ఇవి ఎప్పటికీ ఇంతే ఉంటాయండీ" అని దుకాణంవాడు చెబితే నమ్మకండి. సరిగా పెంచితే ఆడ తాబేలు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే అన్నం తినే కంచమంత, పెరుగుతుంది. 20, 30 ఏళ్లు బతుకుతుంది. అంటే ఇవాళ మీ అబ్బాయి పుట్టినరోజుకి కొన్న తాబేలు, బాగా చూసుకుంటే, ఆ అబ్బాయి పెళ్లి కూడా చూస్తుంది. కొనేముందు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే సగం మంది కొనరు.

మన దేశపు తాబేళ్ల సంగతి వేరు. డిప్ప మీద పసుపుపచ్చని నక్షత్రాల వంటి గీతలుండే నక్షత్ర తాబేలునుగాని, మన కాలువల్లో, చేపల చెరువుల్లో వలలకు తగిలే మెత్తని అంచు డిప్ప తాబేలునుగాని ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2022లో చేసిన సవరణ ప్రకారం ఈ రెండూ గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరైనా చాటుగా అమ్మజూపితే కొనకండి. హంసలదీవి, నాగాయలంక వైపు సముద్రపు ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ పిల్లలు సముద్రంలోకి పోవలసినవి. ముచ్చటపడి సీసాలో వేసుకుని తెచ్చారంటే దాన్ని చంపినట్టే. చట్టం దృష్టిలోనూ తప్పే.

సాల్మొనెల్లా అనే క్రిమి

తాబేలు పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా కాపురముంటుంది. దానివల్ల తాబేలుకు సాధారణంగా ఏ బాధా ఉండదు. చలాకీగా ఈదుతుంది, తింటుంది. కాని దాని మలంతోపాటు ఈ క్రిమి నీళ్లలోకి వస్తుంది. తాబేలు ఆ నీళ్లలోనే మునిగి తేలుతుంది కాబట్టి డిప్పకూ, కాళ్లకూ, తొట్టి గోడలకూ, అడుగున వేసిన గులకరాళ్లకూ అంటుకుంటుంది. చూడటానికి తేటగా ఉన్న నీళ్లలో కూడా ఉండవచ్చు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. టైఫాయిడు కూడా సాల్మొనెల్లా వంశపు జబ్బే. అయితే టైఫాయిడు క్రిమి మనుషుల్లోనే ఉంటుంది, తాబేలు నుంచి రాదు. తాబేలు నుంచి వచ్చేవి దాని దాయాదులు. అవి కడుపులోకి వెళ్లిన 6 గంటల నుంచి 6 రోజుల లోపల జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి నాలుగు రోజుల నుంచి వారంలో దానంతటదే తగ్గుతుంది. పసివాళ్లకు అలా కాదు. పేగుల్లో ఆగక రక్తంలోకి ప్రవేశిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మెదడు పొరలకూ, ఎముకలకూ కూడా పాకవచ్చు.

ఈ భయం ఊహ కాదు. 1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో పిల్లలకు ఆటవస్తువుల్లా తాబేలు పిల్లల్ని అమ్మేవారు. వాటివల్ల ఏటా సుమారు 2,80,000 మందికి ఈ జబ్బు వస్తున్నదని అక్కడివారు అంచనా కట్టారు. దాంతో 1975లో డిప్ప పొడవు 4 అంగుళాలకు తక్కువ ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మకూడదని నిషేధించారు. 4 అంగుళాలే ఎందుకంటే, అంతకంటె చిన్నవాటిని పసిపిల్లలు అమాంతం నోట్లో పెట్టుకుంటారు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. అయినా చాటుమాటు అమ్మకాలు ఆగలేదు. 2007లో ఫ్లోరిడాలో 4 వారాల పసికందు ఈ క్రిమి రక్తంలో చేరి చనిపోయింది. ఆ ఇంట్లో పెంచుతున్న తాబేలులోనూ అదే క్రిమి దొరికింది. నాలుగు వారాల బిడ్డ లేచివెళ్లి తాబేలును పట్టుకోలేదు గదా! పెద్దవాళ్ల చేతులో, గిన్నెలో, గుడ్డలో మధ్యవర్తులై ఉండాలి. 2024లో కూడా అమెరికాలో చిన్న తాబేళ్ల వల్ల ఈ జబ్బు అనేక రాష్ట్రాల్లో ఒక్కసారిగా కనిపించింది.

మన దగ్గర విరేచనాలతో వచ్చిన బిడ్డ తల్లిని "నీళ్లు కాచి ఇస్తున్నారా, బయట ఏమన్నా తిన్నదా?" అని అడుగుతాం. "ఇంట్లో తాబేలుందా?" అని అడగడం తక్కువ. కనుక డాక్టరు అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పండి.

ఎవరింట్లో వద్దు?

అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇల్లు, గర్భిణి ఉన్న ఇల్లు, 65 ఏళ్లు దాటినవారున్న ఇల్లు, కాన్సరు మందులో, మూత్రపిండాల మార్పిడి తరువాత మందులో, చాలాకాలంగా స్టెరాయిడ్లో వాడుతున్నవారున్న ఇల్లు — ఇవి తాబేలును పెంచదగిన ఇళ్లు కావు. మొహమాటం లేకుండా చెబుతున్నాను. పై తల్లికి కూడా నా సలహా అదే. అమ్మా, మీ పాపకు అయిదేళ్లు నిండేదాకా మీ ఇంట్లో తాబేలు వద్దు. పెద్దవాడు ఏడుస్తాడు. రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటాడు. చిన్నపిల్లలు లేని బంధువుల ఇంటికిగాని, మళ్లీ తీసుకునేందుకు ఒప్పుకుంటే కొన్న దుకాణానికిగాని ఇచ్చేయండి. ఎక్కడ వదలకూడదో కింద రాస్తాను.

నీళ్లు ఎక్కడ పారబోస్తున్నారు?

ముప్పాతిక వంతు ప్రమాదం ఇక్కడే ఉంది. తొట్టి కడగడానికి వంటింటి సింకు అనుకూలంగా ఉంటుంది. అక్కడే కడుగుతారు. ఆ పక్కనే టమాటాలు, పాలగిన్నె, పిల్లవాడి పాలసీసా. చిందిన నీళ్లు ఎక్కడ పడుతున్నాయో ఎవరికీ తెలియదు. అందుచేత:

తొట్టిని వంటింట్లోగాని, గిన్నెలు తోమే చోటగాని, పిల్లలకు స్నానం చేయించే చోటగాని కడగవద్దు. నీళ్లను పాయిఖానాలో పోయండి. తొట్టిని పెరట్లో కడగండి.

తొట్టికి వాడే మగ్గు, బ్రష్షు, గుడ్డ వేరే ఉంచండి. వాటిని ఇంకో పనికి వాడవద్దు. వారానికోసారి బ్లీచింగు పొడి కలిపిన నీళ్లతో తొట్టిని కడిగి, వాసన పోయేదాకా మంచినీళ్లతో తొలిచి, ఎండబెట్టండి. అంతసేపూ తాబేలును వేరే గిన్నెలో ఉంచండి. ఆ గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు.

తొట్టి కడిగేది పెద్దవాళ్లే కావాలి. కడుపుతో ఉన్నవారూ, ఇంట్లో వంటకు దిగబోతున్నవారూ ఆ పని చేయవద్దు.

తాబేలును ముట్టుకున్నా, దాని నీళ్లు ముట్టుకున్నా, వెంటనే సబ్బుతో 20 సెకండ్లు చేతులు రుద్ది కడుక్కోవాలి. గోళ్ల సందులు మరిచిపోవద్దు. సీసాలో అమ్మే చేతుల మందు సబ్బుకు బదులు కాదు, సబ్బు దొరికేదాకా ఆదుకునేది మాత్రమే.

ముద్దు పెట్టుకోవడం, మంచం మీద నడిపించడం, అన్నం తినే బల్ల మీద పరుగుపందెం పెట్టడం — ఇవి మూడూ మానండి.

తాబేలు బాగుండాలంటే

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించగలిగి, ఇంట్లో అందరూ అయిదేళ్లు దాటిన ఆరోగ్యవంతులే అయితే, తెచ్చుకున్న ప్రాణిని సరిగా పెంచండి. నోరు లేని జంతువు నీళ్లలో ఉంది గదా అని వదిలేస్తే నెల తిరగకుండా చస్తుంది. ఈ పిల్లల్లో చాలా వాటి చావుకు కారణం రోగం కాదు, మన అజ్ఞానం.

తొట్టి: ప్లాస్టిక్కు కొబ్బరిచెట్టు బొమ్మతో ఇచ్చే అరచేయంత డబ్బా తాబేలుకు జైలు. పిల్లకు మొదట 40 లీటర్లు పట్టే తొట్టి కావాలి. డిప్ప అంగుళం పెరిగినప్పుడల్లా మరో 40 లీటర్లు అని లెక్క వేసుకోండి. పెద్దయ్యేసరికి మేడమీది మంచినీళ్ల ట్యాంకంత చోటు కావాలన్నమాట. నీళ్లు కనీసం డిప్ప వెడల్పుకంటె లోతుగా ఉండాలి. మరీ తక్కువైతే వెల్లకిలా పడిన పిల్ల తిరగబడలేక చనిపోతుంది.

గట్టు: చేపలాగ ఇరవైనాలుగు గంటలూ నీళ్లలో ఉండే ప్రాణి కాదిది. పూర్తిగా పొడిగా ఉండే రాయో, ఇటుకో ఏటవాలుగా అమర్చాలి. తాబేలు దానిమీదికెక్కి ఒళ్లు ఆరబెట్టుకోవాలి. అలా ఆరకపోతే డిప్పకు బూజు పట్టి కుళ్లుతుంది.

నీళ్లు: మునిసిపాలిటీ కుళాయి నీళ్లలో క్లోరిను ఉంటుంది. మూత లేని బకెట్టులో ఒక పగలూ రాత్రీ ఉంచి వాడితే మంచిది. ఫిల్టరు లేని తొట్టిలో పిల్లలకు రోజు విడిచి రోజైనా నీళ్లు మార్చాలి. వేరే గిన్నెలో తిండి పెట్టి, తిన్నాక తొట్టిలోకి మార్చితే నీళ్లు తొందరగా చెడవు.

వెచ్చదనం: మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. తాబేలు అలా పుట్టించుకోలేదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లు అంత చల్లబడుతుంది. పిల్లలకు నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే సరిపోతుంది. బెజవాడలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది వాటంతటదే అమరుతుంది. సంక్రాంతి ముందు చలి రాత్రులు మాత్రం నీళ్లు చల్లబడతాయి. అప్పుడు తిన్నది అరగదు. అక్వేరియానికి వాడే హీటరు పెట్టండి, లేదా తొట్టిని గాలి తగలని గదిలోకి మార్చండి.

మన ఊళ్లో అసలు శత్రువు చలి కాదు, ఎండ. ఎండ మంచిదన్నారు గదా అని రోహిణి కార్తెలో అద్దాల తొట్టిని డాబా మీద పెడితే గంటలోపల నీళ్లు కాగిపోయి తాబేలు ఉడికిపోతుంది. వేసవిలో తొట్టిని నీడలో, గాలి ఆడే చోట ఉంచండి.

ఎండ: మరి ఎండ అక్కర లేదా అంటే, కావాలి. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి తయారై, కాల్షియం డిప్పకు పడుతుంది. మన పిల్లలకు రికెట్సు వచ్చి కాళ్లు వంకరపోయినట్టే, ఎండ తగలని తాబేలుకు డిప్ప మెత్తబడి వంకరపోతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. పొద్దున ఏడు, ఎనిమిది గంటల లేత ఎండలో, సగం నీడ ఉన్న వెడల్పాటి తొట్టిలో పావుగంట నుంచి అరగంట ఉంచండి. పక్కనే ఒకరు కూర్చోండి. కాకులకూ, పిల్లులకూ ఇంత చిన్న తాబేలు ఒక్క ముద్ద. అపార్టుమెంటులో ఎండే రాకపోతే, ఈ కిరణాల కోసం ప్రత్యేకంగా అమ్మే బల్బు పెట్టాలి. వెలుగు వస్తున్నా కిరణాలు క్రమంగా తగ్గిపోతాయి కాబట్టి ఏడాదికోసారి మార్చాలి.

తిండి: అన్నం మెతుకులు, బ్రెడ్డు, బిస్కట్లు, పాలు పెట్టకండి. తాబేళ్ల కోసమే తయారుచేసిన గుళికలు దొరుకుతాయి. పిల్లకు రోజుకోసారి, దాని తల ఎంతుందో అంత పరిమాణం చాలు. అడిగినప్పుడల్లా వేయవద్దు. చేయి కనపడగానే ఈదుకుంటూ రావడం దాని అలవాటు, ఆకలి కాదు. మధ్య మధ్య సన్నగా తురిమిన కారట్టు, ముల్లుతో సహా తినగల చిన్న పచ్చి చేప పెట్టండి. చాలామంది ఎండు రొయ్యలతోనే సరిపెడతారు. అది ఆవకాయతోనే బిడ్డను పెంచినట్టు. రుచి ఉంది, బలం లేదు. పైగా బజారు ఎండు రొయ్యల్లో ఉప్పు ఉంటుంది. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అని తెల్లగా, తేలికగా అమ్ముతారు. అది ఒక సముద్రజీవి ఒంట్లోని ఎముక వంటి పెంకు, కాల్షియం గని. చిన్న ముక్క నీళ్లలో వేస్తే తాబేలు కొరుక్కుంటుంది.

తాబేలుకు జబ్బు చేసిందని ఎలా తెలుస్తుంది?

కళ్లు వాచి మూసుకుపోవడం తరచు విటమిన్ ఏ లోపం వల్ల, మురికి నీళ్ల వల్ల వస్తుంది. అన్నం మెతుకుల మీద బతికే తాబేలుకు ఇది రావడంలో ఆశ్చర్యం లేదు. కళ్లు కనపడక తిండి మానేస్తుంది, తిండి మానేసి చిక్కిపోతుంది. ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి గాలి పీల్చడం, ఒక పక్కకు ఒరిగి తేలడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. డిప్ప మీద తెల్లటి, ఎర్రటి మచ్చలు, చెడువాసన కుళ్లుకు గుర్తు. పిల్లల డిప్ప సహజంగానే కొంచెం వంగుతుంది గాని, రోజురోజుకీ మెత్తబడుతుంటే కాల్షియం చాలడం లేదన్నమాట.

ఇందులో ఏది కనిపించినా నీళ్లు శుభ్రంగా, వెచ్చగా ఉంచి పశువైద్యుడికి చూపించండి. విజయవాడ చుట్టుపక్కల వారికి గన్నవరంలో పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. ఇంట్లో ఉన్న మనుషుల మందులు వాడవద్దు. పిల్లల కంటి చుక్కల్లో కొన్నిటిలో స్టెరాయిడు ఉంటుంది, మేలుకు బదులు కీడు చేస్తుంది. కుక్కలకూ, పశువులకూ నులిపురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. విటమిన్ ఏ కూడా మోతాదు మించితే చర్మం ఊడివస్తుంది కనుక ఆ మోతాదు పశువైద్యుడే నిర్ణయించాలి.

పిల్లకు విరేచనాలైతే

ముందు నీరసించకుండా చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు. పెద్ద ప్యాకెట్టును ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, కొంచెం కొంచెంగా చెంచాతో పట్టండి. 24 గంటల తరువాత మిగిలినది పారబోయండి. ప్యాకెట్టు చేతిలో లేకపోతే లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలపండి. తల్లిపాలు మానిపించవద్దు. అన్నం, పెరుగు, అరటిపండు పెట్టవచ్చు. 6 నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇస్తే మంచిది. 6 నెలల లోపువారికి 10 మిల్లీగ్రాములు చాలు.

విరేచనాలు కట్టేసే మాత్రలు పిల్లలకు వేయకండి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్కు కొనకండి. మామూలు సాల్మొనెల్లా విరేచనాలకు అది అక్కరలేదు, పైగా క్రిమి పేగుల్లో ఎక్కువకాలం ఉండిపోవచ్చు. ఎవరికి అవసరమో డాక్టరు నిర్ణయిస్తారు.

మలంలో రక్తం పడినా, జ్వరం 102 డిగ్రీలు దాటినా, తాగినదంతా వాంతి అవుతున్నా, 6 గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకుపోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 3 నెలల లోపు బిడ్డకు జ్వరంతో విరేచనాలైతే పై గుర్తుల కోసం ఎదురుచూడవద్దు, వెంటనే బయలుదేరండి.

పెంచలేకపోతే

కాలువలో వదిలేస్తే పుణ్యం అనుకుంటారు. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, రైవస్ కాలువైనా, ప్రకాశం బ్యారేజీ ఎగువనైనా, గుడి కోనేరైనా వదలకండి. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జీవజాతుల జాబితాలో ఈ ఎర్రచార తాబేలు ఉంది. 1997లోనే యూరప్ దేశాలు దీని దిగుమతి ఆపేశాయి. ఇది తిండిపోతు, మొండిది. మన తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకునే గట్లనూ ఆక్రమించి, రోగాలు కూడా అంటిస్తుంది. ఒక ప్రాణిని బతికించబోయి వంద ప్రాణుల నోరు కొట్టినట్టవుతుంది. పెంచగలవారికి ఇవ్వండి. ఎవరూ దొరకకపోతే అటవీశాఖవారిని గాని, పశువైద్యులను గాని సలహా అడగండి. విదేశీ జంతువుల పెంపకానికి కూడా ఇప్పుడు నిబంధనలున్నాయి కాబట్టి, కొనేవారు బిల్లు లేకుండా కొనవద్దు.

పాఠకుల సందేహాలు

ప్రశ్న (తెనాలి): తాబేలుకు పరీక్ష చేయించి క్రిమి లేదని తేలితే ఇక భయం లేదు కదా?

జవాబు: అలా అనుకోవడానికి లేదు. క్రిమి రోజూ బయటికి రాదు. ఇవాళ కనిపించనిది వచ్చే వారం కనిపించవచ్చు. తాబేలుకు యాంటీబయాటిక్కు ఇచ్చినా పూర్తిగా పోదు, మందుకు లొంగని క్రిమి తయారవుతుంది. ప్రతి తాబేలులోనూ క్రిమి ఉన్నట్టే భావించి చేతులు కడుక్కోవడం ఒక్కటే దారి.

ప్రశ్న (గుడివాడ): నాకు అయిదో నెల. ఇంట్లో రెండేళ్లుగా తాబేలు ఉంది. కడుపులో బిడ్డకు ప్రమాదమా?

జవాబు: తాబేలు గదిలో ఉన్నంత మాత్రాన గాలి ద్వారా ఏమీ రాదు. కంగారుపడవద్దు. తాబేలునూ, తొట్టినీ మీరు ముట్టుకోవద్దు. పుట్టే బిడ్డ ఇంటికి రాకముందే తాబేలును వేరే ఇంటికి చేర్చండి. జ్వరం, విరేచనాలు వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న (మచిలీపట్నం): మా అమ్మాయి తాబేలు డిప్పమీద గోళ్లరంగుతో పేరు రాసింది. పరవాలేదా?

జవాబు: వద్దు. డిప్ప పెట్టె మూత లాంటిది కాదు, ప్రాణమున్న ఎముక. రంగు ఎండ తగలనివ్వదు. పిల్ల డిప్ప పెరగకుండా పట్టేస్తుంది. తుడవడానికి స్పిరిట్లు రుద్దకండి. పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న (ఏలూరు): మా అక్వేరియంలో చేపలతో కలిపి ఉంచవచ్చునా?

జవాబు: చిన్నప్పుడు చేపలు దాని తోక కొరుకుతాయి. పెద్దయ్యాక అది చేపలను తింటుంది. వేరుగా ఉంచండి.

ప్రశ్న (అవనిగడ్డ): మా అబ్బాయికి 8 ఏళ్లు. తాబేలు కావాలని మారాం. కొనమంటారా?

జవాబు: నెల రోజులపాటు అన్నానికి ముందు, పాయిఖానాకు వెళ్లివచ్చాక, చెప్పించుకోకుండా సబ్బుతో చేతులు కడుక్కోమనండి. అతనికి ఆ అలవాటు పడితే, తొట్టి కడిగే పని ఏళ్ల తరబడి చేసే ఓపిక మీకుంటే, అప్పుడు మళ్లీ ఆలోచించండి. ఈ రెంటిలో ఏది లేకపోయినా కొనకండి. తాబేలు కొన్నా కొనకపోయినా, ఆ నెల రోజుల అలవాటు మాత్రం మీ అబ్బాయికి జన్మంతా పనికివస్తుంది.